పన్నెండో గదిలో మాట్లాడని మనిషి

"ఎవర్ని పంపిస్తున్నారయ్యా నా గదికి?" అన్నాడు హోబర్ట్ క్రేన్.

టిబెట్స్ కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. ఒహాయోలోని ఆ మాజీ సైనికుల ఆసుపత్రిలో వాలంటీర్లందరికీ ఇరవై రెండేళ్లుగా ఆయనే పెద్ద. పేపరు చదివిపెట్టేవాళ్లు, కాఫీ బండి తోసేవాళ్లు, చివరి రోజుల్లో చెయ్యి పట్టుకుని కూర్చునేవాళ్లు. వాళ్ల మీద ఫిర్యాదులు ఆయనకి కొత్త కాదు. ఇలాంటి ఫిర్యాదు మాత్రం కొత్త.

"మధ్యాహ్నం పూట వస్తాడు. తలుపు మూస్తాడు. నిలబడతాడు. నోరు మాత్రం విప్పడు. నాకు పోయింది కళ్లే, చెవులు కాదు. ఎవడ్రా అంటే ఊపిరి బిగబడతాడు."

"ఏమైనా చేశాడా?"

"గడ్డం గీస్తాడు." ముసలాయన గొంతు తగ్గించాడు. "అడవిలో పొద వెనక నక్కినవాడి ఊపిరి విన్నవాణ్ణి నేను. ఏదో పని పెట్టుకుని వచ్చినవాడి ఊపిరి అది."

టిబెట్స్ కిందికొచ్చి డ్యూటీల పట్టిక తీశాడు. పన్నెండో గది, మంగళవారం, గురువారం, మధ్యాహ్నం రెండు గంటలకి. ఆరు వారాలుగా ఆ గళ్లలో ఎవరి పేరూ లేదు.

పట్టిక రాసేది లెనోరా ప్రూట్. నలభై రెండేళ్ల మనిషి. బడిలో పంతులమ్మ ఉద్యోగం మానుకుని ఈ పని నేర్చుకోవడానికి వచ్చింది. ఏడాది శిక్షణ పూర్తయితే ఏదో ఒక ఆసుపత్రిలో వాలంటీర్ల బాధ్యత తనే చూసుకుంటుంది. ఇంత శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లని టిబెట్స్ చూడలేదు. మొదటిరోజే ఆమెకి చెప్పాడు: "ఫలానా రోగి దగ్గరే కూర్చుంటానని పట్టుబట్టేవాణ్ణి గడప తొక్కనివ్వకు. వాడి మనసులో ఏదో ఉందన్నమాట." ఆమె ఆ మాట పుస్తకంలో రాసుకుంది కూడా.

"పన్నెండో గదికి ఎవర్నీ వెయ్యలేదేంటమ్మా?" అని అడిగాడు.

"ఆయన అందర్నీ తిడుతున్నారు సార్. ఎవరూ వెళ్లడానికి ఒప్పుకోవడం లేదు." తలెత్తకుండా చెప్పింది.

కాఫీ బండి తోసే ఎడ్నా బామ్మ ఆ మాటకి భగ్గుమంది. "వెళ్లనని నేనెప్పుడన్నాను? నీ శిష్యురాలే నన్ను మూడో అంతస్తుకి తరిమింది. తిట్లకి జడుస్తానా నాయనా, ముగ్గురు మొగుళ్లతో కాపరం చేసినదాన్ని!"

టిబెట్స్ నవ్వబోయి ఆగిపోయాడు. మునుపు ఆ గదికి వెళ్లే మిగతా ఇద్దర్నీ అడిగాడు. వాళ్లనీ ఆమే మార్చింది.

తన గదికి వెళ్లి ఆమె దరఖాస్తు తీశాడు. ఇంటికి పావుగంట దూరంలో ఉన్న పెద్దాసుపత్రిలో సీటిస్తామంటే వద్దంది. మూడు గంటల దూరంలో ఉన్న ఈ ఆసుపత్రే కావాలని రాసింది. ఎందుకన్న చోట ఏమీ రాయలేదు. తనే సంతకం పెట్టాడు. చూడకుండా.

గోడ గడియారం రెండు దాటి పది నిమిషాలు చూపిస్తోంది. ఆవేళ గురువారం.

మెట్లెక్కుతుంటే నర్సు ఎదురైంది. "లెనోరా ఎక్కడ?" అని అడిగాడు.

"పన్నెండులో. కత్తీ నురగా పట్టుకెళ్లింది. మీరే పంపారుగా?"

ఆయన కాళ్లు పరుగందుకున్నాయి. తలుపు మూసి ఉంది. చప్పుడు కాకుండా తోశాడు.

ముసలాయన తల వెనక్కి వాల్చి ఉంది. రెండు చేతులూ మంచం కడ్డీల్ని బిగించి పట్టుకున్నాయి. లెనోరా ఆయన మీదికి వంగి ఉంది. మంగలికత్తి కంఠం మీద, సరిగ్గా నరం కొట్టుకునే చోట ఆగి ఉంది.

అరుద్దామనుకున్నాడు టిబెట్స్. ముసలాయన ఉలిక్కిపడితే చాలు, కత్తి దిగిపోతుంది. గుమ్మంలోనే నిలబడిపోయాడు. లెనోరా టిబెట్స్‌ని చూసింది. చూసి, కత్తి మెల్లగా పైకి లాగింది. నురగ తుడిచింది. మళ్లీ పెట్టింది. మళ్లీ లాగింది. టిబెట్స్ జీవితంలో అంత పొడుగాటి నిమిషం లేదు.

"అయిందా, మూగోడా?" అన్నాడు క్రేన్.

ఆమె కత్తి మడిచింది. ముసలాయన చుబుకాన్ని తువ్వాలుతో అద్దింది. అద్దిన చెయ్యి వెంటనే తియ్యలేదు.

టిబెట్స్ ఆమె జబ్బ పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చి, తలుపు మూశాడు.

"బ్యాడ్జి ఇటిచ్చెయ్. ఇన్నాళ్లూ నన్ను గుడ్డివాణ్ణి చేశావు. ఎవరు నువ్వు? ఆ గదిలో ఒక్క ముక్కయినా మాట్లాడవేం?"

లెనోరా మూసిన తలుపు వైపు భయంగా చూసింది. తర్వాత ఆయన చెవి దగ్గరికొచ్చి, వినీవినపడనట్టు అంది:

"గొంతు వింటే మళ్లీ గెంటేస్తాడు సార్, మా నాన్న."