వేదాద్రి పూలపొట్లాలు

“ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది. ఇంట్లోవాళ్ళు ఒక మాట మీదికొచ్చి చెప్పండి,” అన్నాడు నందిగామ కళ్ళ డాక్టరు.

చిక్కంతా అక్కడే వచ్చింది. రత్తమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. కూతురు పుష్పవతి ఆపరేషన్ చేయించాల్సిందే అంది. కొడుకు బసవయ్య వద్దంటే వద్దన్నాడు.

“కత్తి పడ్డాక జరగరానిది జరిగితే? చూపు లేకపోతే చెయ్యి పట్టుకుని నడిపిస్తా. అమ్మే లేకపోతే ఎవర్ని నడిపించను?”

యాభై ఏళ్ళొచ్చినా అమ్మ పక్కన లేనిదే ముద్ద దిగని మనిషి. పాపం, అతని భయం అతనిది.

“నాదేముందిరా, మీరెట్లా అంటే అట్లా,” అంది రత్తమ్మ.

బస్సు జగ్గయ్యపేట చేరేదాకా వాదించుకుని, చివరికి వేదాద్రి నరసింహస్వామి ముందు పూలు పెట్టి అడుగుదామన్నారు. ఒక పొట్లంలో మల్లెలు, ఒకదాంట్లో మందారాలు. పూజారి ఏదో ఒకటి తీస్తాడు. మల్లెలొస్తే ఆపరేషన్, మందారాలొస్తే లేదు.

పొట్లాలు కట్టే పని బసవయ్య మీదేసుకున్నాడు. పెరట్లోకి వెళ్ళి, మనసులోనే స్వామికి లెంపలేసుకుని, రెండింట్లోనూ మందారాలే కట్టాడు. పూజ మల్లెలతోపాటు వాటినీ సజ్జలో సర్ది, బండిలో తల్లి ఒళ్ళో పెట్టాడు. చెల్లెలి చేతికిస్తే విప్పి చూస్తుందని అనుమానం.

దారిపొడవునా అన్నాచెల్లెళ్ళ వాదన తెగలేదు.

సన్నిధిలో పూజారి ఒక పొట్లం తీసి విప్పాడు. మల్లెలు.

బసవయ్య ఈసారి పైకే లెంపలేసుకున్నాడు. దేవుడి దగ్గరా తన వేషాలు? రెండో పొట్లం విప్పే ధైర్యం లేక కృష్ణలో వదిలేశాడు. మొక్కుందని చెప్పి అక్కడే గుండు కొట్టించుకున్నాడు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. కట్టు విప్పి డాక్టరు మందపాటి అద్దాలు పెట్టగానే, రత్తమ్మ కొడుకుని చూసి ఫక్కున నవ్వింది.

“ఇంతకీ ఏం మొక్కురా అది?”

బసవయ్యకు కళ్ళనీళ్ళు తిరిగాయి. దాచకుండా అంతా చెప్పేశాడు.

“మందారాల్ని మల్లెలు చేశాడమ్మా స్వామి.”

రత్తమ్మ ఆ గుండు నిమిరింది.

“దండగ గుండురా నాయనా, కళ్ళు పోయాయిగానీ వేళ్ళు పోయాయట్రా, బండిలో మీరు కొట్టుకుంటుంటే తడిమి చూసి, నీ మందారాలు తీసేసి రెండింట్లోనూ మల్లెలే కట్టా.”