అన్నింటికీ ‘వై’

విత్తనాల కంపెనీకి మూడు ఊళ్లలో ఉన్న కంప్యూటర్లలో రోజూ రాత్రి సర్వీసులు ఆపి, మళ్లీ నడిపించాలి. మదనపల్లెలో కూర్చునే మునిరత్నం అందుకోసం ఆదేశాలన్నీ వరుసగా నడిపించే ఒక బ్యాచ్ ఫైలు రాసుకున్నాడు. అది జాబితాలోని పేర్లను ఒక్కొక్కటే తీసుకుని ఆపుకుంటూ పోతుంది. మధ్యలో ఏం అడిగినా ‘వై’ అని, అంటే అవునని, తనే జవాబిచ్చుకుంటుంది.

ఆ రాత్రి తెరమీద ఎప్పుడూ లేని ప్రశ్న పడింది.

‘కుప్పం. ఒకరున్నారు. ఆపమంటారా?’

వెంటనే దాని కింద: వై.

కాసేపటికి ఫోన్ మోగింది. కుప్పం వాచ్‌మన్ చెంగయ్య.

“సారూ, మన స్వర్ణమ్మ పని చేస్తా చేస్తానే కుర్చీలో ఒరిగిపోయుండాది. ఎంత పిలిచినా పలకల్యా. ఒళ్లు సల్లబడిపోతాండాదప్పా!”

‘పుంగనూరు. ఇద్దరున్నారు. ఆపమంటారా?’

వై.

మునిరత్నం గబగబా పుంగనూరు ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతల గంట మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

ఏ మీట నొక్కినా ఆ ఫైలు నడవడం ఆగలేదు. వంగి ప్లగ్గు పీకేశాడు. కంప్యూటర్ ఫ్యాన్ ఆగి గది నిశ్శబ్దమైపోయింది. తెర మాత్రం వెలుగుతూనే ఉంది.

‘మదనపల్లె. ఒకరున్నారు.’

మిగతా ప్రశ్న ఒక్కో అక్షరమే పడుతోంది. దాని జవాబు తనే ఎప్పుడో రాసిపెట్టేశాడు.