మోచెయ్యి లోపలికి

లవెల్ పింక్నీ చేతిలోంచి బంతి జారిపడింది. ఆ పొద్దుట్నించి అది మూడోసారి.

కంచె అవతల నిలబడి సాధన చూస్తున్న జనం గొల్లుమన్నారు.

"రోలాండ్‌ని పిలవండయ్యా. బంతంటే ఏమిటో ఈ పిల్లాడికి చూపిస్తాడు," అన్నాడొకడు.

లవెల్‌కి ఇరవై రెండేళ్లు. దక్షిణ కరొలినాలో కాలేజీ ముగించి, హార్లన్ ఫాల్స్ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులోకి వచ్చి వారమైంది. అతని పని ఒక్కటే. బంతిని చంకలో ఇరికించుకుని, మీదపడి కూల్చేవాళ్ల మధ్యనుంచి ముందుకు దూసుకుపోవడం.

తొమ్మిదేళ్లుగా ఆ పని రోలాండ్ గిల్యార్డ్‌ది. ఊళ్లో సగంమంది చొక్కాల వీపుమీద ఆయన పేరే. ఇప్పుడాయనకి ముప్పైమూడు. సాధన జరిగినంతసేపూ మోకాళ్లకి ఐసు కట్టుకుని వైద్యుడి గదిలోనే ఉంటున్నాడు.

"మోచెయ్యి," అంది కంచె అవతలనుంచి ఒక ముసలిగొంతు.

లవెల్ తల తిప్పాడు. మడతకుర్చీలో ఒక మామ్మ. నెత్తిన గడ్డిటోపీ, ఒళ్లో చేతికర్ర.

"మోచెయ్యి బయటికి పోతోందబ్బాయ్. పక్కటెముకలకి అదిమిపెట్టు. అలా పట్టుకుంటే కోడిపిల్ల కూడా ఎగిరిపోతుంది."

"మీరొచ్చి ఆడతారా మామ్మా?" అన్నాడు ఉక్రోషంగా.

"మోకాళ్లు బాగుంటే ఈపాటికి వచ్చేదాన్నే."

మర్నాడూ అదే కుర్చీ, అదే గొంతు.

"నిన్నటికన్నా నయం. వీసమెత్తు."

నాలుగోరోజు ఇక ఓర్చుకోలేక లవెల్ నేరుగా కంచె దగ్గరికే వెళ్లాడు.

"ఊరంతా రోలాండ్ మనుషులే. మీరూ నన్ను ఏడిపించడానికే వస్తున్నారా?"

"రోలాండా?" మామ్మ పెదవి విరిచింది. "వాడి పనైపోయింది. కుంటుకుంటూ పరిగెత్తేవాణ్ణి చూడటానికా జనం వచ్చేది? పొమ్మంటే పోడు, మొండిఘటం."

ఆ ఊళ్లో అంత మాట అన్న మనిషి ఇంకొకరు లేరు. సంతోషించాల్సిందిపోయి, లవెల్‌కి మనసు చివుక్కుమంది.

"అలా అనకండి మామ్మా. చిన్నప్పుడు మా ఇంట్లో నా మంచం పక్కన గోడమీద ఆయన బొమ్మే ఉండేది."

ఆవిడ గడ్డిటోపీ కళ్లమీదికి లాక్కుంది.

"బొమ్మ తీసెయ్. బంతి పట్టుకో," అంది.

ఆరోజునుంచి సాధన ముగిశాక రోజూ ఓ పావుగంట ఆవిడ దగ్గరే. లవెల్ బంతి పట్టుకుని కంచె పక్కగా పరిగెత్తేవాడు. ఆవిడ కంచె సందులోంచి కర్ర దూర్చి బంతిని పొడిచేది. జారిపడితే మళ్లీ మొదటినుంచి. జారకపోతే ఓ ముక్క వెన్న కేకు.

"మీకీ ఆట ఎలా తెలుసు మామ్మా?"

"చూసి చూసి. మాట్లాడకు, మోచెయ్యి జారుతోంది."

మూడోవారానికి కేకు డబ్బా రోజూ ఖాళీ అవుతోంది. పెద్ద కోచ్ మొహంలో కూడా నవ్వు కనిపించడం మొదలైంది.

ఆగస్టు చివర్లో, ఆ ఏడు ఆడబోయే జట్టు జాబితా గోడకి అంటించారు. అందులో లవెల్ పేరుంది. రోలాండ్ పేరు లేదు.

సామాన్లు సర్దుకుంటున్న రోలాండ్ దగ్గరికి ఎలా వెళ్లాలో, ఏమనాలో లవెల్‌కి తోచలేదు. ఆయనే లేచి వచ్చాడు.

"బంతి గట్టిగా పట్టుకుంటున్నావు. పోయినేటి కుర్రాడికి అదే రాలేదు. ఎవరు నేర్పారు?"

"ఎవరో మామ్మండీ. కంచె దగ్గర కూర్చుంటుంది. కర్రతో పొడుస్తుంది."

రోలాండ్ చాలాసేపు నవ్వాడు.

"ఆవిడ మాట విను," అని భుజం తట్టి, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని మెల్లగా దిగి వెళ్లిపోయాడు.

మొదటి ఆటలో లవెల్ మైదానంలోకి రాగానే జనం 'రోలాండ్, రోలాండ్' అని అరిచారు. మూడొంతుల ఆట అయ్యేదాకా ఆ అరుపులు ఆగలేదు.

చివర్లో బంతి లవెల్ చేతికొచ్చింది. ఎడమపక్కనుంచి ఒకడు ఎగిరొచ్చి పిడికిలితో బంతిని గుద్దాడు. బంతి కదల్లేదు. వాడే కిందపడ్డాడు. లవెల్ నలభై గజాలు పరిగెత్తి మైదానం చివరి గీత దాటాడు.

ఈసారి జనం అరిచిన పేరు అతనిది.

మర్నాడు ఆ బంతి చంకలో పెట్టుకుని కంచె దగ్గరికి వెళ్లాడు. కుర్చీ లేదు. గేటు కాపలా చూసే ముసలి ఎల్మర్‌ని అడిగాడు.

"గడ్డిటోపీ మామ్మ రాలేదా తాతా?"

"పొద్దున్నే ప్రయాణం కట్టేసింది. లూసియానా. నిన్న నీ ఆట అయ్యేదాకా ఉంటానని పట్టుబట్టింది."

"మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"ఎందుకొస్తుంది? వచ్చిన పనైపోయిందిగా. ఎంత సంతోషంగా వెళ్లిందో."

"ఆవిడ పేరు కూడా అడగలేదు నేను," అన్నాడు లవెల్, బంతిని అటూ ఇటూ తిప్పుతూ.

ఎల్మర్ అతన్ని ఎగాదిగా చూశాడు.

"మూడేళ్లలో నీలాంటి కుర్రాళ్లు ముగ్గురొచ్చారు. ముగ్గురూ బంతి పారేసుకున్నారు. ప్రతిసారీ రోలాండ్‌నే మళ్లీ దింపారు, ఆ మోకాళ్లతోనే."

"దానికీ మామ్మకీ ఏమిటి తాతా?"

"నాలుగోవాడైనా నిలబడితే తప్ప తన కొడుకు సొంత కాళ్లమీద నడుచుకుంటూ ఇంటికి రాడని, నెల్లాళ్లు ఆ కుర్చీలో కూర్చుందయ్యా వెర్నిస్ గిల్యార్డ్."