నలభై ఒకటో పేజీ

"ఆగు నాయనా! మోటారు వెయ్యకు!"

గట్టు మీది కేకకు రైతు చెయ్యి స్విచ్చి దగ్గరే ఆగింది.

ఎవరో ముసలాయన. అరిగిన చెప్పులు, చంకన గుడ్డసంచి.

బావిలో మిగిలింది ఒక్క తడికి సరిపడా నీళ్లే. శనగచేను పూత మీదుంది. ఆ తడి ఎప్పుడు పెట్టాలన్న దాని మీదే ఈ ఏటి బతుకు.

ముసలాయన అడగకుండానే చేలోకి దిగి చేతికర్ర నేలలో గుచ్చాడు. జానెడు దిగి ఠంగుమంది.

"చూశావా, కింద రాయి. ఇప్పుడు పెడితే తడి నిలవదు. గింజ పట్టేదాకా ఓపిక పట్టు."

"పూతలోనే పెట్టమని పుస్తకంలో ఉంది పెద్దాయనా."

రైతు అట్ట ఊడిన పుస్తకం తెచ్చాడు. పోయిన తండ్రి పల్లంలోని నల్లరేగడి చేనును ముప్పై ఏళ్లు దాన్ని చూసే పండించాడు.

"నలభై ఒకటో పేజీ. చదువుకో."

ముసలాయన చదవలేదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు.

"ఆ మాట ఇలాంటి నేలకు పనికిరాదు. ఇటివ్వు, దిద్దుతాను."

రైతుకు తిక్క రేగింది.

"మా నాన్న పుస్తకంలో గీతలు గీస్తావా? రాసిన మహానుభావుడి కంటే నీకెక్కువ తెలుసా?"

"ఎక్కువ కాదు నాయనా. ఆలస్యంగా తెలిసింది."

"చాల్లే, వెళ్లవయ్యా! చేను లేనివాడికే సలహాలెక్కువ!"

ముసలాయన తల వంచుకుని పక్కచేలోకి నడిచాడు. వెనక మోటారు మోగింది.

నెలన్నర తిరిగింది. రైతు చేలో కాయ పిసికితే తాలు. పక్కచేలో పిన్ని బస్తాలు కుడుతోంది.

"నేను ఆ పెద్దాయన మాట విన్నానురా అబ్బాయ్. పాపం, నీ గట్టు వైపే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు."

ఆయన్ని వెతుక్కుంటూ రైతు వ్యవసాయ కార్యాలయానికి పరుగెత్తాడు.

"ఎర్ర పెన్ను పెద్దాయనా?" గుమాస్తా గొంతు తగ్గించాడు. "పోయిన వారం బస్టాండు బల్ల మీదే ప్రాణం విడిచారు. ఆయన సంచి ఇక్కడికి చేర్చారు, అదిగో."

సంచిలో మడతలు నలిగిన కాగితం. నిండా పేర్లు. ప్రతి పేరు పక్కనా ఎర్ర టిక్కు.

ఒక్క పేరుకే లేదు. అది రైతు తండ్రిది.

పైన వణికిన అక్షరాల్లో రాసి ఉంది: 'నా పుస్తకాన్ని నమ్మి, నా తప్పును చేలో నాటుకున్నవాళ్లు.'