ముప్పై ఒక్క మంది టవరు

2068 వేసవిలో, చింతూరు అవతల కొండ మీది గూడెంలో సెల్ టవరు ఆపేయడానికి తనిఖీ అధికారి నీలవేణి వచ్చింది. యాభై మందికి తక్కువ వాడే టవర్లకు ఇక ప్రభుత్వ నిధులు లేవు. గూడెంలో ఉన్నది ముప్పై ఒక్క మంది.

ఆ గూడెంలోని మడకం లచ్చమ్మ తన ఇంట్లో జావ కలుపుతూనే, మంచం మీదున్న భర్తను చూపించింది. ఆయన ఛాతీకి కట్టిన పట్టీని భద్రాచలం డాక్టరు ఆ టవరు ద్వారానే కనిపెట్టుకుని ఉంటాడు. గుండె లయ తప్పితే అక్కడినుంచే సరిచేస్తాడు.

"కొండ కింద సర్కారు కాలనీలో మీకు ఇల్లిస్తారమ్మా," అంది నీలవేణి.

"మోసుకెళ్తే దారిలోనే పోతాడని డాక్టరే చెప్పాడు మేడం."

నీలవేణి టవరు ఆపలేదు. ఢిల్లీ వెళ్లి, నిధుల కమిటీ ముందు ముప్పై ఒక్క పేర్లూ, ఎవరికి ఆ టవరు ఎందుకు కావాలో చదివి వినిపించింది. ఆదేశం పాటించనందుకు ఆమెను తనిఖీ పనినుంచి తప్పించారు. టవరుకు మాత్రం ఏడాది గడువిచ్చారు.

ఆ సాయంత్రం ఆమె లచ్చమ్మకు ఫోన్ చేసి, తన సంగతి దాచి, గడువు మాటే చెప్పింది.

లచ్చమ్మ మంచం మీది భర్త వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది.

"అయితే వచ్చే ఎండాకాలం దాకా ఈయన నాతో ఉంటాడన్నమాట."