భుజం ఎత్తని మనిషి

"కాస్త భుజం ఎత్తండి పెద్దాయనా, మీ సొమ్మేం పోయింది!" నీళ్లలో ఆయాసపడుతూ అరిచాడు కెప్టెన్.

పెద్దాయన ఎత్తలేదు. కళ్లు మూసుకుని, చేతులు వేలాడేసి, అలాగే తేలుతున్నాడు.

ఈతకొలనులో రెస్క్యూ డైవర్ల సాధన అది. స్పృహ తప్పిన డైవర్ వీపు మీద సిలిండర్‌ను పట్టి ఉంచే హార్నెస్‌ని నీళ్లలోనే విప్పాలి. అంత బరువుతో మనిషిని పడవలోకి లాగడం ఎవరి తరమూ కాదు.

స్పృహ తప్పినవాడి వేషం పెద్దాయనది. ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. ఓ రోజు తనంతట తనే వచ్చి, "నేను పడుకుంటాను, నా మీద నేర్చుకోండి" అన్నాడు. జట్టు ఆయనకి 'బస్తా' అని పేరు పెట్టింది.

గట్టుకి చేరాక పెద్దాయన నోరు విప్పాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"స్పృహ లేనివాడు భుజం ఎత్తడు బాబూ. ఇదంతా ఒకటే పట్టీ, భుజం ఎత్తి చెయ్యి మడిస్తేనే ఊడేది. భుజాల దగ్గర విప్పుకునే బకిళ్లు పెట్టించండి."

"బకిల్ విరిగితే మీరొచ్చి అతికిస్తారా? ఈ హార్నెస్ నేను ఏరికోరి కుట్టించింది."

"అయితే ఇంకోసారి చేయండి."

"ఇంకోసారా!" జట్టంతా గొల్లుమంది.

లేచి నిలబడబోయి పెద్దాయన తూలాడు. దాంతో కెప్టెన్‌కి ఓపిక నశించింది.

"పొద్దున్నే పట్టించి వచ్చారా?" అందరిముందూ అడిగేశాడు. "తాగి నీళ్లలోకి దిగితే రేపు నా మెడకి చుట్టుకుంటుంది. ఇక రాకండి."

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. నాలుక సహకరించలేదు. తువ్వాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఒక్కరూ ఆపలేదు.

మర్నాటి నుంచి ఆ వేషం కెప్టెన్ మేనల్లుడికి దక్కింది. బంగారంలాంటి కుర్రాడు. పట్టీ మీద చెయ్యి పడీ పడకముందే భుజం ఎత్తేవాడు, మోచెయ్యి మడిచేవాడు. హార్నెస్ ఇట్టే ఊడొచ్చేది.

"చూశారా? లోపం హార్నెస్‌లో లేదు, బస్తాలో ఉంది!" అని నవ్వాడు కెప్టెన్.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. జలాశయంలో మునిగిన కారు కోసం దిగిన మేనల్లుడు స్పృహ తప్పితే, తోటి డైవర్ పైకి తెచ్చాడు.

కెప్టెన్ దూకాడు. పట్టీ లాగాడు. భుజం లేవలేదు. మోచెయ్యి మడవలేదు. ఎంత గుంజినా హార్నెస్ కదల్లేదు.

"కత్తి అందుకోండి, కోసేయండి!" అని పడవలోంచి ఎవరో అరిచేదాకా ఆ సంగతే తోచలేదు.

ప్రాణం దక్కింది. కానీ ఆసుపత్రిలో కళ్లు తెరిచిన కుర్రాడికి 'మావయ్యా' అన్న మాట తిన్నగా పలకలేదు.

"ఊపిరి అందడం ఆలస్యమైంది. మాట ఎప్పటికి కుదురుకుంటుందో చెప్పలేం," అంది డాక్టరు.

అలాంటి ముద్దమాట కెప్టెన్ ఇదివరకే విన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. అక్కాబావల మొహం చూడలేక బయటికి నడిచాడు.

వాకబు చేసుకుంటూ పెద్దాయన ఇంటికి వెళ్లాడు. ఆయన చెల్లెలు తలుపు తీసింది.

"క్షమాపణ చెప్పుకోవాలమ్మా. ఆయన్ని తాగుబోతన్నాను."

"అన్నయ్య పోయిన నెల కాలం చేశాడు. తనకి ఆ వాసనే పడదు బాబూ," అందామె.

లోపల గోడ మీద డైవింగ్ సూట్‌లో ఉన్న పెద్దాయన ఫొటో కెప్టెన్ కంటపడింది.

"ఆయన కూడా డైవరేనా అమ్మా?"

"మరి! ఓసారి నీళ్లలో స్పృహ తప్పితే, సొంత జట్టే హార్నెస్ విప్పలేకపోయింది. అప్పట్నించే ఆ మాటా, ఆ నడకా."

"వాళ్లకి ఎవడు నేర్పాడో గానీ..." అని పళ్లు కొరికాడు కెప్టెన్.

"ఆ జట్టుకి కెప్టెన్ అన్నయ్యే కదా, తనే నేర్పాడు," అందామె. "నీళ్లలో తనే పడుకునేవాడు, పిల్లలు కష్టపడుతున్నారని ప్రతిసారీ తనే భుజం ఎత్తి ఇచ్చేవాడట."