సున్నా పెడితే ఎంత?

ఎర్రగుంట్లలో జరిగిన హత్యను బస్టాండంతా చూసింది. టీ గ్లాసులు చేతిలో పట్టుకునే చూసింది. చూశానని పోలీసులకు చెప్పింది మాత్రం లెక్కల మాస్టరు శేషగిరి ఒక్కడే. నెలల తర్వాత కేసు జమ్మలమడుగు కోర్టుకొచ్చింది; తెల్లారితే అతని సాక్ష్యం.

ఆ సాయంత్రం బడి వదిలాక పాత శిష్యుడు చెన్నకేశవ వచ్చాడు. పదో తరగతిలోనే చదువు మాని, ఆ హత్య చేయించిన నాయకుడి జీపెక్కినవాడు.

"ఒక లెక్క తెచ్చినా సార్." బోర్డు మీద f(x) = 2x + 1 అని రాశాడు. "x మూడయితే ఎంత?"

"ఏడు. ఏందిరా, మళ్లీ పరీక్ష రాస్తావా?" మాస్టరు ముఖం వెలిగింది.

"x అంటే మా వర్గంలో సచ్చినోళ్లు సార్. ఒకరికి ఇద్దర్ని తీయాలని మా లీడరన్న చెప్పినాడు."

"మరి ఆ పైన ఒకటి?"

"చూసినోడు."

"చూసినోళ్లు నూర్మంది ఉండార్రా! ఒకటే ఎందుకేసినావు?"

"చెప్పేది ఒకడే గద సార్."

చెన్నకేశవ బోర్డు మీది x ను వేలితో చూపించాడు.

"ఎర్రగుంట్లలో మావోళ్లెవరూ పోలేదు. సున్నా పెట్టి చూడండి."

రెండు సున్నాలు సున్నా. ఒకటి మిగిలింది.

"రేపు పోవాకండి సార్." చెన్నకేశవ వేడుకున్నాడు. "మీ దగ్గర చదివినోణ్నని, ఈ లెక్క నాకే అప్పజెప్పినాడు అన్న."

శేషగిరి చాక్‌పీసు తీసి అతని చేతిలో పెట్టాడు.

"అయితే జవాబు నువ్వే రాయి. నేను పొద్దున ఫస్టు బస్సుకు పోతాండా."